మా అత్త కోపం ఎవరి సొత్తు?

"నన్నెవరో ఎత్తుకుపోయారే!" అంది మా మేనత్త ఫోన్లో.

నేనప్పుడు రాజమండ్రి కోర్టు వరండాలో నిలబడి, ఒక గట్టు తగాదా కేసు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాను. వకీలు పనిలో ఫిర్యాదులు వినడం మామూలే. పోయిన వస్తువే స్వయంగా ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యడం మాత్రం అదే మొదటిసారి.

"నువ్వెక్కడున్నావు అత్తా?"

"ఎక్కడుంటాను, ఇంట్లోనే ఉన్నాను. ఎత్తుకుపోయింది నా మొహాన్ని. ముందు నువ్వు బయల్దేరి రా."

మా అత్త మండపేటలో నల్లకారం చేసి అమ్ముతుంది. మొదట్లో పొట్లం మీద దేవుడి పేరు, పక్కన తామరపువ్వు బొమ్మ ఉండేవి. ఇరుగుపొరుగు తప్ప ఎవరూ కొనేవారు కాదు. ఒకరోజు మా మావయ్య నీళ్ళ మోటారు వేసి, కట్టెయ్యడం మరిచిపోయి కునుకు తీశాడు. ట్యాంకు పొంగి, డాబా మీద ఆరబోసిన ఎండుమిరపకాయలన్నీ తడిసి ముద్దయ్యాయి. అత్త చేతిలో చేట పట్టుకుని, కొప్పు ఊడి, కళ్ళెర్రజేసి ఆయన మీదికి వచ్చింది. ఎవరైనా పారిపోతారు. మావయ్య ఫోన్ తీసి ఫోటో కొట్టి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆ ఫోటో చూసి మా చుట్టాల్లో ఒకావిడ, "వదినా, దీన్ని పొట్లం మీద వెయ్యి, కారం ఎంత ఘాటో చెప్పక్కర్లేదు" అని సలహా ఇచ్చింది. అత్త వారం రోజులు అలిగి, తర్వాత వేసింది. జనం "ఆ తిట్టే ఆవిడ పొడి ఇవ్వండి" అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు. చివరికి అత్త దేవుడి పేరు తీసేసి "తిట్ల కారం" అని పేరు పెట్టింది. సామర్లకోట నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి.

నేను వెళ్ళేసరికి అత్త ఒక పొట్లాన్ని పురుగును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దాని మీద "గయ్యాళి అత్త కారం" అని ఉంది. కింద మా అత్త ఫోటోయే. కాకపోతే కుడి ఎడమల్ని తిప్పేశారు.

"మొహం తీసుకుంటే తీసుకున్నాడు, నా ముక్కుపుడక ఎడం పక్కకి మార్చేశాడే! పైగా ఈ ధనియాలు చూడు, వేయించాడా, ఎండలో చూపించాడా? ఇది తిన్నవాళ్ళు నా గురించి ఏమనుకుంటారు? నువ్వు వెంటనే నా కారానికి పేటెంటు రాయించెయ్."

కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. "పేటెంటు కొత్తగా కనిపెట్టిన వాటికి ఇస్తారు అత్తా. నల్లకారం మా నాయనమ్మ వాళ్ళ అమ్మ కూడా చేసింది. ఒకవేళ కొత్తదే అయినా, ఏమేం వేశావో, ఎలా చేశావో మొత్తం లోకానికి తెలిసేలా రాసివ్వాలి."

"లోకానికా? అక్కర్లేదు. వెల్లుల్లి ఎప్పుడు వేస్తానో నేను ఎవరికీ చెప్పను."

"అలా చెప్పకుండా దాచుకోవడం కూడా ఒక రక్షణే. వ్యాపార రహస్యం అంటారు. నోరు మెదపకుండా ఉన్నంతకాలం అది నీదే."

పేపరు వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది. "అయితే ఆ హక్కు మీ అత్తకి ఎప్పుడో పోయిందమ్మా. ఏ పెళ్ళికెళ్ళినా, అక్కడి పొడి బాలేదని చెబుతూ వెల్లుల్లి ఎప్పుడు వెయ్యాలో భోజనాల బంతిలోనే నేర్పి వస్తుంది."

అత్త ఆయన వైపు పొట్లం మీది చూపే చూసింది. నేను తొందరగా పేరు దగ్గరికి వచ్చాను. నల్లకారం అన్నది అందరి మాట, దాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. "తిట్ల కారం" మాత్రం అత్త సరుకుకే గుర్తు కాబట్టి ట్రేడ్‌మార్కు కింద నమోదు చేయించుకోవచ్చు. నమోదు కాకముందు కూడా, ఆవిడ సరుకే అని జనం భ్రమపడేలా ఇంకొకడు అమ్మితే కోర్టుకు వెళ్ళవచ్చు.

"మరి ఫోటో?"

"దానికి కాపీరైటు ఉంటుంది. ఫోటో తీసిన క్షణం నుంచే ఉంటుంది, ఎక్కడా నమోదు చేయించక్కర్లేదు."

"హమ్మయ్య! మొహం నాది, హక్కూ నాదే."

"మొహం నీదే అత్తా. కాపీరైటు మాత్రం ఫోటో తీసినవాళ్ళది."

పేపరు మెల్లగా కిందికి దిగింది. దాని పైన, నలభై ఏళ్ళ సంసారంలో తొలిసారి ఒక కేసు గెలిచినవాడి మొహం కనిపించింది.

"అమ్మాయ్, అంటే ఆ కోపం నాదన్నమాట!"

"కోపం అత్తదే మావయ్యా, దాని ఫోటో మీది."

"తెప్పించింది కూడా నేనే కదా!"

అత్తకి ఆ హక్కు రావాలంటే ఆయన కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టాలని చెప్పాను. మావయ్య లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఆదివారం ఆదివారం పెసరట్టూ ఉప్మా. క్రికెట్ చివరి ఓవర్లో నన్ను కొబ్బరికాయ కొట్టమని పిలవకూడదు. ఇక, పొట్లం మీద ఫోటో కింద నా పేరు వెయ్యాలి."

"కారం పొట్లం మీద మీ పేరేంటండీ! సిగ్గు లేకపోతే సరి!"

"ఆ మాట న్యాయమే అత్తా," అన్నాను. "హక్కు రాసిచ్చేసినా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు ఆయనకే మిగులుతుంది."

"నువ్వెవరి వకీలువే?"

కాగితం రాస్తూ, గడువు వెయ్యకపోతే చట్టప్రకారం ఐదేళ్ళే చెల్లుతుందన్నాను. "జీవితాంతం అని రాయి" అంది అత్త. "పెళ్ళినాడు కూడా నాచేత ఇంత రాయించలేదు" అన్నాడు మావయ్య. పెసరట్టులో జీడిపప్పు కూడా ఒప్పుకున్నాక సంతకం పెట్టాడు.

ముగ్గురం కలిసి, "గయ్యాళి అత్త కారం" చేసి అమ్మే కొట్టు రైసు మిల్లుల రోడ్డులో ఉంటే అక్కడికి వెళ్ళాం. కొట్టు యజమాని బక్కపల్చని మనిషి. అత్తను చూడగానే, క్యాలెండర్లోని అమ్మవారు దిగొచ్చినట్టు చేతులు జోడించి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా, మజ్జిగ తెప్పించమంటారా?"

"మజ్జిగా? నా మొహం తెప్పించు ముందు!"

అత్త అందుకుంది. వేయించని ధనియాల దగ్గర మొదలుపెట్టి ముక్కుపుడక దాకా వచ్చింది. బయట లారీ ఆపుకుని టీ తాగుతున్న వాళ్ళు లోపలికొచ్చి, పొట్లాన్నీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశారు. "బొమ్మలో ఆవిడే అండోయ్!" అన్నాడొకడు. ఫోన్లు బయటికి తీశారు. ఒకాయన ఆవిడ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని, "అమ్మగారూ, ఇంకొక్కసారి తిట్టండి, వీడియో సరిగ్గా రాలేదు" అని బతిమాలాడు. ఆవిడ ఆయన్ని కూడా తిట్టింది. మేం ఆపించడానికి వెళ్ళిన సరుకు మా కళ్ళముందే అమ్ముడైపోయింది.

సందడి తగ్గాక యజమాని నాతో, "ఇంటర్నెట్లో దొరికిందండి. ఇంటర్నెట్లో ఉన్నది అందరిదీ కదండీ?" అన్నాడు.

"మీ బండి రోడ్డు మీద పెట్టారు కదండీ. అందరం వేసుకుపోవచ్చా?"

ఆయన బయటికి తొంగిచూసి, బండి ఉందని నిర్ధారించుకుని తల గోక్కున్నాడు. ఇకమీద పొట్లాల మీద ఆ బొమ్మ వెయ్యనని ఒప్పుకున్నాడు. "చెడ్డ ఉద్దేశం లేదండి. మా ఇంట్లో అందరివీ నవ్వు మొహాలే. కారానికి పనికిరావు" అన్నాడు దిగులుగా.

తర్వాత ఆయన తన ఫోటోనే, కనుబొమలు ముడిచి తీయించుకుని వేశాడు. పన్ను నొప్పి మందనుకుని ఒకావిడ అడిగిందట. రెండు నెలలయ్యాక మా అత్త ఇంటికొచ్చి, "మీ సరుకే నా కొట్లో పెట్టుకుంటానండి" అన్నాడు. అత్త ధనియాలు వేయించడం ఎలాగో చెప్పబోయి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టాం. అది పరిశీలనలో ఉంది. కొత్త పొట్లాలు మాత్రం వచ్చేశాయి. ఫోటో కింద మావయ్య పేరు చీమతలంత అక్షరాల్లో ఉంది. ఆయన రోజూ సాయంత్రం ఒక పొట్లమూ, ఒక భూతద్దమూ జేబులో వేసుకుని టీ కొట్టుకు వెళుతున్నాడు.