సగం చేయని మాత్ర

మా మేనత్త పోయిందని తెల్లవారుతుండగా నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. విజయవాడలో తిరువూరు బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

మీలో ఎవరైనా తిరువూరులో చదువుకుని ఉంటే, జరీ అంచు చీర కింద మగపిల్లల లేసు బూట్లు వేసుకునే లెక్కల టీచరు గుర్తుండే ఉంటుంది. ఆవిడే మా అత్తయ్య. మా ఇంట్లో తరతరాలుగా కాళ్ళ నరాల జబ్బు ఉంది. పాదం ముందుభాగం పైకి లేవదు, వేళ్ళు వంకర తిరుగుతాయి, చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియదు. నాన్నకు కొద్దిగా ఉంది. అత్తయ్యకూ నాకూ ధారాళంగానే వచ్చింది. మా సొంతూరు ఎ.కొండూరులో దాన్ని జబ్బనేవారే కాదు, ‘ఆ ఇంటి నడక’ అనేవారు. అత్తయ్య బూట్లు చూసి ఎవరైనా నవ్వితే తనూ నవ్వి, పడిపోతే లేపడానికి నువ్వొస్తావా అని అడిగేది. వేళ్ళకు పట్టు చాలక లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. సాయం చేయబోతే కసురుకునేది.

రిటైరయ్యాక, హైదరాబాదులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఈ జబ్బుకు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి, తనే వెళ్ళి చేరింది. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరిది ఏదో మింగేవాళ్ళకూ తెలియదు, ఇచ్చే డాక్టర్లకూ తెలియదు. చివర్లో అందరి నడకా, చేతి పట్టూ పోల్చి చూస్తారు. ఇదంతా అత్తయ్య మాకు లెక్క చెప్పినంత ఓపిగ్గా చెప్పింది.

అమ్మకు అందులో ఒక్క ముక్కే వినిపించింది, మందు వచ్చిందని. మా రెండిళ్ళలో ఏదీ ఒకరే తిని ఎరగరు. రెడ్డిగూడెం నుంచి అమ్మమ్మ వాళ్ళు పంపే మామిడిపళ్ళయినా, నెమలి తిరునాళ్ళలో కొన్న మిఠాయి అయినా సగం అత్తయ్య ఇంటికి వెళ్ళాల్సిందే. అదే అలవాటుతో అమ్మ, మాత్రను కూడా చాకుతో సగం చేసి నాకు పెట్టమని అడిగింది.

“సగం మింగితే అది పనిచేసిందో లేదో ఎవరికి తెలుస్తుందమ్మాయ్? అయినా పిల్ల ఒంటికి పడుతుందో లేదో ఏ డాక్టరు చూశాడు?” అంది అత్తయ్య.

“అయితే నువ్వే బాగుపడు వదినా,” అని అమ్మ లేచి వచ్చేసింది. ఆ వేసవిలో అత్తయ్య ఇంటికి మామిడిపళ్ళు వెళ్ళలేదు.

పరీక్ష ముగిశాక, మందు వేసుకున్నవాళ్ళకూ వేసుకోనివాళ్ళకూ పెద్ద తేడా కనిపించలేదని చెప్పారు. అత్తయ్య మింగినవి ఉత్త మాత్రలని కూడా అప్పుడే తెలిసింది. పెద్దమనిషిని పట్టుకుని మోసం చేశారని అమ్మ మండిపడింది. అత్తయ్య మాత్రం తన ఉత్త మాత్రల మీద ఈగ వాలనివ్వలేదు.

“ఉత్తవి మింగేవాళ్ళు ఉండబట్టే కదా ఆ మందు పనికిరాదని తేలింది. లేకపోతే మన పిల్ల జీవితాంతం దాన్నే మింగుతూ కూర్చునేది,” అంది.

నేను మింగని మందుకు ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

ఈ మధ్య అదే ఆసుపత్రిలో ఇంకో మందు పరీక్ష మొదలవుతోందని కబురు వచ్చింది. నేను చేరతానంటే అమ్మ ససేమిరా అంది. మీ అత్త తిరిగిన తిరుగుడు చాలదా, నువ్వు కూడానా అంది. అత్తయ్య నన్ను చేరమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

“భయమేస్తే మానెయ్, అందులో సిగ్గేం లేదు. మింగకుండా మింగానని మాత్రం చెప్పకు,” అంది. నాతో ఆవిడ అన్న చివరి మాటలు అవే.

నేను వెళ్ళేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టాలి. వంకర తిరిగిన ఆ వేళ్ళకు దారం నిలవడం లేదు. గట్టిగా బిగించమని ఎవరో అన్నారు. అమ్మ ఆ దారం వాళ్ళ చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. కింద కూర్చుని, ఆ రెండు పాదాలూ దగ్గరకు చేర్చి తన చేతులతో పట్టుకుంది.

“ఈసారి మందు పరీక్షకు పిల్లని నేనే తీసుకెళ్తాను వదినా,” అంది.

పాడె సిద్ధమైందని పిలిచేదాకా ఆ పాదాలు వదల్లేదు.