కుట్టేసిన చివరి ముప్పై పేజీలు

మా లైబ్రరీ బైండరు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ప్రేమ నవల చేతికొస్తే చాలు, దాని చివరి ముప్పై పేజీలనూ సూదీ దారంతో కుట్టేస్తాడు. అట్ట ఊడినందుకూ కాదు, కాగితం చిరిగినందుకూ కాదు. ఇంటికి తీసుకెళ్లినవాళ్లు హాయిగా చదువుకుంటూ గుండె దడదడలాడే చోటికి వచ్చేసరికి ఎదురుగా తెల్లదారం! ఆ తర్వాత కథ కావాలంటే మళ్లీ లైబ్రరీకి వచ్చి, బాబాయి బల్ల ముందు కూర్చుని, ఆయన కత్తెరని బతిమాలుకోవాల్సిందే.

అన్ని ప్రేమ నవలలూ కాదు లెండి. ఆయన కన్ను ఒక్క బీరువా మీదే. అందులో ప్రతి పుస్తకంలోనూ రాబోయే కాలం, ఓ పెద్ద గోడ, ఎవరు ఎవర్ని పెళ్లాడాలో తేల్చేసే సర్కారు ఉంటాయి. గోడకి ఇటు పదిహేడేళ్ల పిల్ల, అటు పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇక చెప్పేదేముంది? పదహారు నిండిన పిల్లలంతా ఆ బీరువాకే అతుక్కుపోయేవారు. వాళ్లతోపాటు అరవై నాలుగేళ్ల బాబాయి కూడా.

"ఈ వయసులో ఈ పుస్తకాలేంటి బాబాయ్?" అని నేను లైబ్రరీలో పనికి చేరిన కొత్తలో అడిగాను.

"నా వయసు వాళ్ల పుస్తకాల్లో ఏముంటుందే అమ్మాయ్, మోకాళ్ల నొప్పులు తప్ప!"

ఆ ప్రేమికులు ఆయనకి సొంత పిల్లల కింద లెక్క. ఓ రోజు పొద్దున్నే జిగురు గిన్నె ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. ఎవరికో ఏదో అయిందని హడలిపోయాను.

"నలభై అడుగుల గోడే! తాడు లేదు, నిచ్చెన లేదు. ఉత్త ప్రేమతో ఎక్కేసిందట. పైగా వాన. జలుబు చేయదూ?"

"ఎక్కేసిందిగా, ఇంకేం?"

"మరి దిగడం ఎలాగ? రాసినాయన ఆ ఊసే ఎత్తలేదు!"

ఆ పిల్ల గోడ మీదే ఉండిపోయిందన్న బెంగతో ఆ రోజు టిఫిన్ డబ్బా కూడా విప్పలేదు.

పనిలో మాత్రం ఆయనకి సాటి లేరు. పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని అలా ఎగరేసి, "ఇందులో ఒక కాగితం తక్కువుంది" అనేవాడు. లెక్కపెడితే తక్కువే ఉండేది. అలాంటి మనిషి మంచి పుస్తకాలకి కుట్లు వేస్తుంటే చూసి నవ్వుకునేదాన్ని. చెబితే వింటాడు గనకనా!

దారం కత్తిరించే ముందు చిన్న పరీక్ష కూడా ఉండేది. కథ గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. "అన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా? ఇంట్లో అందరూ కులాసానా?" పిల్లలు ముక్తసరిగా జవాబిస్తే కుదరదు. బల్ల మీద చెయ్యి వేసుకుని, వాళ్లు అన్నీ చెప్పేదాకా వినేవాడు. ఒక్కోసారి అంతా విన్నాక, "ఈ ప్రతి నలిగిపోయిందమ్మా, ఇంకోటి ఇస్తానుండు" అని తన సొంత బీరువాలోంచి అదే నవల తీసి, దానికున్న దారం తెంపి ఇచ్చేవాడు. చాదస్తం ముదిరిందనుకున్నాను.

ఒక శుక్రవారం పై ఆఫీసు నుంచి అధికారిణి తనిఖీకి వచ్చారు. ఆమె నవ్వగా చూసినవారు లేరు. బాబాయి ఉద్యోగాన్ని ఏడాదికోసారి పొడిగించే కాగితం ఆమె ముందే ఉంది. కలం మూత తీశారు. సరిగ్గా అప్పుడే ఇద్దరు స్నేహితురాళ్లు, ఒక పొడుగు జడ పిల్లా ఒక కళ్లజోడు పిల్లా, కీచులాడుకుంటూ లోపలికొచ్చి పడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే నవల.

"చచ్చిపోయాడే! కాపలావాడు కాల్చేశాడు. నేను ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి" అంది పొడుగు జడ.

"నీ మొహం! చచ్చినట్టు నటించాడు. ఆ తర్వాత పడవలో ముద్దు కూడా పెట్టుకున్నారు. అక్కడితో అయిపోయింది" అంది కళ్లజోడు.

అధికారిణి రెండు పుస్తకాలూ లాక్కుని పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో ముందు పడవ, తర్వాత చావు. రెండోదాంట్లో చావు ముందుకొచ్చి, పడవ చివరికి పోయింది. మూడు వందల పన్నెండో పేజీ అయ్యాక రెండు వందల ఎనభై మూడు! కొంప మునిగిందనుకున్నాను.

"బైండరు గారూ, మీకు అంకెలు రావా?"

బాబాయి లేచి నిలబడ్డాడు. "తప్పే మేడం. కళ్లు సరిగా ఆనడం లేదు."

"కళ్లు ఆననివాళ్లతో ఈ పని ఎలా చేయించను? కాగితం మీద సంతకం పెట్టలేను."

ఆయన తలవంచుకుని కత్తెర, సూదులు సంచీలో సర్దుకోవడం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండింది. చేత్తో ఎగరేసి కాగితాలు లెక్కపెట్టే మనిషి అంత పచ్చి అబద్ధం ఎందుకాడినట్టు? విసవిసా వెళ్లి ఆయన బీరువా తెరిచాను. అందులో ఏడు నవలలు, ఏడింటికీ చివరలు తారుమారు. ప్రతిదాని అట్ట లోపలా పెన్సిలుతో ఒకే మాట: 'ఇంట్లో బాగాలేని పిల్లలకి.'

తెచ్చి అధికారిణి ముందు పెట్టాను. కళ్లజోడు పిల్ల ఆ మాట చదివి బాబాయి వైపు తిరిగింది.

"ఆ వారం మా అమ్మకి ఆపరేషన్" అంది నెమ్మదిగా. "నువ్వు అడిగితే చెప్పాను కదా తాతా. అందుకేనా?"

అదన్నమాట అసలు సంగతి! కుట్లు వేసి పిల్లల్ని రప్పించేదీ, కులాసా అడిగేదీ ఎవరికి ఏ ముగింపు ఇవ్వాలో తేల్చుకోవడానికే. ఆ పిల్ల కష్టం నలుగురిలో పడటం ఇష్టంలేక ఉద్యోగాన్నే వదులుకోబోయాడు. ఇన్నాళ్లూ ఈయన్ని చూసి నవ్వుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"మొదటిది నిజంగా పొరపాటే మేడం" అన్నాడు బాబాయి. "అప్పుడో పిల్ల ఆ పుస్తకం చదివి, చాలా రోజులకి నవ్వానని చెప్పి వెళ్లింది. ఆ తర్వాతవన్నీ కావాలనే చేశాను."

అధికారిణి పేజీలు తిప్పి, మూడు వందల పన్నెండు మీద వేలు పెట్టారు.

"ఇంత పెద్ద అంకెలున్నాయే, పిల్లలు పట్టేయరా?"

"కష్టంలో ఉన్నవాళ్లు పేజీ నంబర్లు చూడరు మేడం."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. మరీ గట్టిగా పెట్టారేమో, కలం కింద కాగితానికి చిన్న చిల్లు కూడా పడింది. బాబాయి ఆ చిల్లుని వేలితో సరిచేయబోయాడు.

పొడుగు జడకి మాత్రం ఉక్రోషం ఆగలేదు. "మరి నాకెందుకు చచ్చిపోయేది ఇచ్చావు తాతా?"

"నీకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నావు. హాయిగా ఏడ్చుకునే తీరిక ఉందని ఇచ్చాను."

"అదంతా నాకు తెలీదు. ఆ పడవ పుస్తకం నాకిప్పుడే కావాలి!"

ఆ పిల్ల చెయ్యి చాచేలోపే అధికారిణి ఆ నవలని తన సంచీలో వేసేసుకున్నారు.

"నేను చదివి ఇస్తాను" అన్నారు, మొహం అటు తిప్పుకుని. "ముందు నా వంతు."