నోట్లో నీళ్లు, టాటీబంధ్‌లో వరద

నా పాఠానికి నేనే మార్కులు వేసుకున్న పాపానికి స్టాఫ్ రూమ్‌లో నా పరువు ఏ గతి పట్టిందో చెబుతాను. సమోసా తింటూ చదివేవాళ్లు ముందు అది మింగేయండి. పొలమారితే నా పూచీ లేదు.

అప్పుడు రాయపూర్‌లో ఏడో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. నలువైపుల నుంచీ లారీలు మీదికొచ్చే టాటీబంధ్ చౌరస్తాను ప్రాణాలతో ఎలా దాటాలో పిల్లలే ఆలోచించి, అట్టముక్కలతో నమూనా కట్టాలి. అదీ మా ప్రాజెక్టు. వారానికో పీరియడ్.

"ఆ పీరియడ్ లెక్కలకిచ్చేస్తాను మేడమ్ జీ. గోల తప్ప ఏముంది?" అన్నారు ప్రిన్సిపాల్.

"గోలా? అది పిల్లల ఆలోచన సార్! క్లాసు ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తాను, మీరే చూడండి!"

రికార్డు చేశాను. పదికి పది వేసుకున్నాను. మొహమాటం అడ్డొచ్చింది గానీ, పదకొండు వేసుకునేదాన్నే.

మా ఆయన రైల్వేలో వ్యాగన్లు బాగుచేస్తారు. అన్నం తింటూ, "ముందర నువ్వోపాలి ఇనుకోవే. మేం చక్రాన్ని సుత్తితో కొట్టి, సౌండు ఇన్నాకే బండిని పంపుతాం," అన్నారు.

"నా పాఠం వ్యాగన్ కాదండీ! చెప్పింది నేనే కదా, మళ్లీ ఇనడం ఏటి?"

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ ఫోన్ నొక్కాను. లారీ హారన్‌లా నా గొంతు మోగింది.

"పిల్లలూ, బాగా ఆలోచించండి! ఆగండి, నేను చెప్తాను."

"జీబ్రా గీతలు ఎక్కడ గియ్యాలి? ఆఁ, కరెక్ట్, ఇక్కడే!" ఎవరూ నోరు విప్పలేదు. ఎవరికి కరెక్టన్నానో ఆ దేవుడికే తెలియాలి.

"భూమికా, నీ అభిప్రాయం? లారీలు ఇక్కడ ఆగాలనే కదా? శభాష్!"

చిట్టచివర, గంట మోగాక, భూమిక గొంతు సన్నగా వినబడింది. "మేడమ్, ఇప్పుడు మేం చెయ్యొచ్చా?"

"ఇంకేముంది చెయ్యడానికి? మొత్తం నేను కట్టేశాను కదా!"

లెక్కల మేడమ్ బల్ల మీద వాలిపోయి నవ్వింది. ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకున్నారు. "గోల పిల్లలదనుకున్నాను మేడమ్ జీ, పాపం! వచ్చే వారం ఇంకోసారి వినిపించండి. అప్పుడూ ఇంతే అయితే పీరియడ్ లెక్కలకే."

ఇంటికొచ్చి మొత్తుకుంటే మా ఆయన తేల్చేశారు. "నోట్లో నీళ్లోసుకుని కూకో."

నిజంగానే పోసుకున్నాను! క్లాసులో ఫోన్ రికార్డులో పెట్టి, బుగ్గలుబ్బించుకుని కూర్చున్నాను. పిల్లలు కాసేపు నన్ను వింతగా చూసి, తర్వాత అట్టముక్కల మీద పడ్డారు.

"అక్కడ గీస్తే బస్సు కింద పడతాం!"

"మా నాన్న ఆటో అక్కడే ఆపుతాడు, నాకు తెలీదా?"

అబ్బ, ఎంత బాగా పోట్లాడుకుంటున్నారో! నా పెంపకమే మరి. అంతలో భూమిక సరిగ్గా లారీలు తిరిగే మలుపులోనే జీబ్రా గీతలు గీసింది. తల ఊపాను, చేతులూపాను, కళ్లు ఉరిమాను. నావైపు చూసేదెవరు? "అయ్యో!" అనబోయాను.

నోట్లో నీళ్లన్నీ చౌరస్తా మీద! అగ్గిపెట్టెల లారీలు తేలాయి.

వెంటనే "టాటీబంధ్ మా బాఢ్ ఆ గే!" అని కేకలు. వరదొచ్చిందిట!

"వానాకాలం నిజంగా ఇలాగే నిలుస్తుంది!"

"నీళ్లు నిలిస్తే గీతలు కనబడవు కదా, అప్పుడెలా దాటాలి?"

ఆ ప్రశ్న నా పాఠంలో లేదు. గంట మోగేదాకా వాళ్లు కాలవలూ వంతెనలూ కడుతూనే ఉన్నారు, నేను చీరకొంగుతో రోడ్డు తుడుస్తూనే ఉన్నాను.

రికార్డు మొత్తం విని, ఆ వరద ఎక్కడిదో నా చేతే చెప్పించుకుని, ప్రిన్సిపాల్ ఫోన్ నా చేతికిచ్చారు. "పీరియడ్ మీదే మేడమ్ జీ. ఇన్నాళ్లలో మీరడిగిన మంచి ప్రశ్న ఇదొక్కటే. అదీ ఉమ్మి అడిగారు."

అందుకని, తడిసిన చౌరస్తా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా పాఠం నా చెవులతో నేను వినకుండా ఈ జన్మలో నాకు మార్కులు వేసుకోను. పనిలో పనిగా ఇంట్లో కూడా తక్కువ మాట్లాడతానని ప్రమాణం చేయించుకోవాలని మా ఆయన చూశారు. ఏం లాభం, అప్పుడు నా నోట్లో నీళ్లు లేవు!