నెపం అక్క మీద

నా చిన్నప్పుడు మేము నాంపల్లిలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. తొమ్మిదో తరగతిలో నాకున్నది ఇద్దరే దోస్తులు. బడి వదలగానే ముగ్గురం మొజంజాహీ మార్కెట్ దాకా తిరిగి వచ్చేవాళ్ళం. ఆ వానాకాలం, మాలో పెద్దవాడు గంజాయి నింపిన సిగరెట్లు తేవడం మొదలుపెట్టాడు. చిన్నవాడు కూడా తాగాడు. నేను దగ్గనో, కడుపునొప్పనో తప్పించుకునేవాణ్ణి. చివరికి పెద్దవాడు, "రేపు తాగకుంటే మాతోని రాకు" అన్నాడు. గంజాయి కంటే ఆ మాటకే నేను ఎక్కువ భయపడ్డాను.

ఆ సాయంత్రం అన్నం తినకుండా మెట్ల మీద కూర్చున్న నన్ను పక్కింటి అక్క చూసింది. ఆమె ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. ఒళ్ళు హూనమై ఇంటికొచ్చిన మనిషి, నా పక్కనే కూలబడి మెల్లగా అంతా చెప్పించుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"వద్దని చెప్పనీకి నోరు రాకుంటే నా మీద పెట్టు. మా పక్కింటి అక్క రాక్షసి, రోజూ నోరు వాసన చూస్తదని చెప్పు."

"నమ్మరక్కా."

"నమ్మేటట్టు నేను జేస్తలే."

మర్నాడు బడి గేటు దగ్గర నిలబడింది. అందరి ముందూ నా గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి వాసన చూసింది. "ఒక్కనాడు వాసనొచ్చిందో, తోలు తీస్త!" అని అరిచింది. దోస్తులు పడీపడీ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ తర్వాత నాకెవరూ సిగరెట్ ఇవ్వలేదు. వీని అక్క పిచ్చిదని వదిలేశారు, వెంట మాత్రం తిరగనిచ్చారు. ఆఫీసులో ఏదో సాకు చెప్పి అక్క అప్పుడప్పుడూ గేటు దగ్గరికి వస్తూనే ఉంది. గల్లీలో గయ్యాళి అన్న పేరు పడింది. దాన్నీ భరించింది.

కొన్నాళ్ళకు చిన్నవాడు ఒక్కడే ఆమె గడప దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నేను గూడ నీ పేరే చెప్పుకోనా?"

అక్క వాణ్ణి లోపలికి పిలిచి ఛాయ్ ఇచ్చింది. ఆ తర్వాత గేటు దగ్గర ఇద్దరి నోళ్ళూ చూసింది.

పెద్దవాడు రాలేదు. వాడి తరఫున అట్లా నిలబడేవాళ్ళూ లేకపోయారు. గంజాయి దగ్గర ఆగక, మత్తు ముదిరి పెళ్ళీడు రాకముందే పోయాడు. పాడె మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు నా మనవడు ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీల దగ్గర ఏవేవో అమ్ముతున్నారట, వాటి పేర్లు కూడా నా నోటికి రావు. కూర్చోబెట్టి బుద్ధులు చెప్పే ఓపిక నాకు లేదు. "నా మీద పెట్టు బిడ్డా" అని మాత్రం చెప్పాను. నేను వాణ్ణి నిఘా వేసి కాపలా కాస్తానని, వాడి దోస్తులు నన్ను ముసలి జాసూస్ అంటారట. వినీ విననట్టు ఊరుకుంటాను. ఒంట్లో చేవ తగ్గింది గానీ, ఆ చెడ్డపేరు మోయడానికి ఇంకా సరిపోతుంది.