నూరి ఇచ్చిన మాత్ర: ఫిల్మ్‌నగర్‌కు ఒక ప్రయాణం

తొంభైల మొదట్లో బాలానగర్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీలో, కొత్త మాత్రలు రూపొందించే విభాగంలో పనిచేసేదాన్ని. ఒక వేసవిలో షేక్‌పేట మందుల షాపాయన మా కంపెనీకి పోస్టుకార్డు రాశాడు. మీ ఆయాసం మాత్ర వేసుకున్న నర్సింహ అనే లైట్‌మ్యాన్ చనిపోయాడు, మందులో తప్పుందేమో చూడండి అని రాసి, ఫిల్మ్‌నగర్‌లో ఇంటి గుర్తులు ఇచ్చాడు. ఆ మాత్ర నేను చేసిందే. ఎవరూ పంపకపోయినా సెలవు పెట్టి బయల్దేరాను.

ఆ రోజుల్లో ఏ ల్యాబ్‌లో చూసినా మందును ఒంట్లోకి నెమ్మదిగా వదిలే మాత్రల ధ్యాసే. రోజంతా విడివిడిగా వేసుకోవాల్సిన మందును ఒకే పెద్ద మాత్రలో పెట్టి, కడుపులో తడికి ఉబ్బి జిగురులా మారే పదార్థంతో కలిపి నొక్కేవాళ్లం. పన్నెండు గంటల పాటు మందు కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అది కుదరడానికి నాకు మూడేళ్లు పట్టింది. షూటింగుల్లో పొద్దస్తమానం నిలబడే మనిషికి ఇంతకంటే మేలైన మందు ఉండదనుకున్నాను.

ఎనిమిదింటికి బస్సెక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదిన్నరకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగాను. రెండు టికెట్లూ కలిపి మూడు రూపాయలు. అక్కణ్ణుంచి ఆటోకు పది. కొత్తగా లేస్తున్న మేడల పక్కనే ఇంకా పగలగొట్టని బండలు ఎండకు మెరుస్తున్నాయి.

"షూటింగ్ చూడనీకి పోతున్నరా మేడమ్?" అన్నాడు ఆటో అతను.

"కాదు. చావు జరిగిన ఇంటికి."

అతను ఆటో పట్టని గల్లీ దగ్గర దిగి, నాతో నడిచొచ్చి ఇల్లు చూపించి వెళ్లాడు.

రేకుల కప్పు, ఒకటే గది. నర్సింహ భార్య యాదమ్మకు ముప్పై ఏళ్లు ఉండవు. గోడకు ఆనుకుని అత్తగారు దగ్గుతోంది. మందుల కంపెనీ నుంచి వచ్చానంటే తిడుతుందేమో అనుకున్నాను. యాదమ్మ చాప పరిచి, మంచినీళ్లిచ్చింది.

"గంత పెద్ద గోలి ఆయనకు మింగుడు పడకపోయేది అక్కా. నూరి తేనెల కలిపి ఇచ్చేదాన్ని. ఆ పొద్దు దమ్ము మస్తుగ లేసింది. జల్ది తగ్గాలని రెండు నూరిన."

"తర్వాత?"

"వాంతులైనయ్. గుండె దడదడ కొట్టుకున్నది. ఫిట్స్ వచ్చినయ్. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది." అప్పుడు అడిగింది: "గోలీలల్ల ఏమన్న ఖరాబున్నదా?"

పరీక్ష చేయించి ఉత్తరం రాస్తామని చెప్పి లేచి రావచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె గూట్లోంచి మాత్రల అట్ట తీసింది. ఇంకా నాలుగున్నాయి.

"అత్తకు గూడ దమ్మే. రోజు సగం నూరి ఇస్తున్న."

ఇక చెప్పక తప్పలేదు. "ఆపెయ్యమ్మా. వీటిని నూరకూడదు. నూరితే పూటంతా రావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. అత్తను డాక్టరుకు చూపించి మామూలు మందు రాయించు."

"గిది మాకెవ్వరు చెప్పలే."

అట్ట వెనక నూరొద్దు, నమలొద్దు అని చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు వాక్యం చూపించాను. బొటనవేలితో దాన్ని తడిమింది. "తెలుగైతే కూడబల్కి చదువుత. అయిదు దాంక చదివిన." తర్వాత చాలా నెమ్మదిగా, "గట్లయితే నేనే సంపుకున్ననా?" అంది.

"కాదు" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. అత్తగారు చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకుంది. యాదమ్మ ఏడవలేదు. చెయ్యి విడిపించుకుంది.

మా యజమాని ఇల్లు జూబ్లీహిల్స్‌లోనే. ఎండలో ముప్పావు గంట ఎత్తెక్కుతూ నడిచి, పన్నెండింటికి చేరాను. జరిగింది చెప్పి, హెచ్చరికను తెలుగులో వేద్దామన్నాను.

"చట్టం అడిగింది వేశాం కదమ్మా సుజాతా" అన్నారాయన.

"చదవలేనివాళ్లు కొంటున్నారండీ."

"ఆ అట్ట దేశమంతా పోతుంది. ఎన్ని భాషలని వేస్తాం? పైగా ఇప్పుడు వేస్తే తప్పు ఒప్పుకున్నట్టే."

కాఫీ తాగి వెళ్లమన్నారు. తాగి వచ్చాను.

ఆ వానాకాలం మళ్లీ వెళ్తే గదిలో వేరేవాళ్లున్నారు. ముసలామె ఆయాసంతోనే పోయిందని పక్కింటావిడ చెప్పింది. డాక్టరు రాసిన మందు కూడా తన చేత్తో ఇవ్వనని యాదమ్మ మొండికేసిందట. తర్వాత ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు. నిజం చెప్పి ఒక ప్రాణమైనా కాపాడానని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. ఆ కంపెనీలో మరో ఎనిమిదేళ్లు పనిచేశాను. మాత్ర బాగా అమ్ముడైంది. నేనున్నన్నాళ్లూ అట్ట మారలేదు. యాదమ్మ ముందు నేను పలికిన "కాదు"కు తర్వాత ఏమేం కలిపి ఉండాల్సిందో ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంకా దొరకలేదు.

పెద్దవాళ్లతో ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట: వాళ్లకు మాత్ర మింగడం కష్టమైతే నూరి ఇవ్వకుండా, బయల్దేరేముందే డాక్టరుకు చెప్పి సిరప్ ఉందేమో అడగండి.