చరిత్ర సంఘం వారి తాడు

మా ఊరి చరిత్రలో ఇంతవరకు ఎవరూ సముద్రంలో మునిగి చనిపోలేదు. నమ్మకం లేకపోతే మా చరిత్ర సంఘం వారు అచ్చేసిన పుస్తకం చూసుకోవచ్చు. ఆ నలభై ఎనిమిది పేజీల్లో రెండు ఓడలు మునిగాయి, తుఫానుకు ఓ వీధి వీధంతా కొట్టుకుపోయింది, సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన నడిమికి విరిగింది. మనుషులకు మాత్రం జలుబు కూడా చేయలేదు. సంఘం కోశాధికారిగారికి సముద్రానికి ఎదురుగా ముప్పై గదుల హోటల్ ఉంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఎవరూ అడక్కుండానే ఆయన చాలాసార్లు చెప్పారు.

ఈ సంఘం నెలకో కార్యక్రమం పెడుతుంది. ఓ నెల పాత వీధుల్లో నడక, ఓ నెల పాత ఫోటోల ప్రదర్శన, ఓ నెల ప్రసంగం. నడకకు పన్నెండు మంది వస్తే అందులో తొమ్మిది మంది కమిటీ వాళ్ళే. ఇద్దరు దారి తప్పిన పర్యాటకులు. పన్నెండో మనిషి మా అమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో మెట్లెక్కడానికి మూలిగే మనిషి, సంఘం వాళ్ళు పిలిస్తే మాత్రం వాళ్ళకంటే ముందే వెళ్ళి కూర్చుంటుంది. ప్రసంగమైతే మూడో వరసలో గోడవైపు కుర్చీ. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని పరీక్షకు వెళ్ళే పిల్లలా వింటుంది. ఆఖర్న పెట్టే బిస్కెట్ల కోసమే వచ్చే కమిటీ సభ్యుల మధ్య నిజంగా వినేది ఆవిడొక్కతే.

అమ్మను ఊరంతా తాళాలమ్మ అనేవారు. ఇప్పుడు కార్లు నిలిపే చోట అప్పట్లో ఇరవై నాలుగు చెక్క గదులుండేవి. సముద్రస్నానానికి వచ్చినవాళ్ళు అందులో బట్టలు మార్చుకునేవారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ గదులు అమ్మ చేతుల్లోనే ఉన్నాయి. ఇరవై నాలుగు తాళంచెవులు నడుముకు కట్టుకుని తిరిగేది. పొద్దున్నే గది గదికీ ఇసుక ఊడ్చేది, తువ్వాళ్ళు ఉతికి గదుల వెనక పొడుగాటి తాడు మీద ఆరేసేది. తల తుడుచుకోకుండా బయటికొస్తే ఎంతటివాళ్ళకైనా చీవాట్లు తప్పేవి కావు. ఓసారి పురపాలక సంఘం అధ్యక్షుడినే వెనక్కి పంపి తల తుడుచుకు రమ్మందని చెప్పుకుంటారు. నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పోయాక నన్ను పెంచి పెద్దచేసింది ఆ తువ్వాళ్ళే.

గదులకు టిక్కెట్లిచ్చేది అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య. కిటికీ వెనక కూర్చోవడం ఆయన పని. కూర్చోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఉద్యోగం చక్కగా కుదిరింది.

నలభై మూడేళ్ళ కిందట, నాకింకా రెండేళ్ళు నిండని రోజుల్లో, పడవ పందేల నాడు ఆ చెక్క వంతెన విరిగింది. చూడ్డానికి దాని మీద ఎక్కినవాళ్ళు నీళ్ళలో పడ్డారు. అమ్మ తువ్వాళ్ళ తాడు తెంపి, ఓ కొస గది గుంజకు కట్టి, రెండో కొస పట్టుకుని గుండెలోతు నీళ్ళలోకి దిగింది. ఏడుగురిని లాగింది. అందులో నలుగురు పిల్లలు. ఆ సమయంలో మావయ్య రెండు వీధుల అవతల మంగలి కుర్చీలో, ఓ బుగ్గ నున్నగా, ఓ బుగ్గ నురగతో ఉన్నాడు. గోల విని అలాగే పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. పత్రిక ఫోటోగ్రాఫరు అంతకంటే ఆలస్యంగా వచ్చాడు. అమ్మ గదుల్లో పిల్లలకు ఒళ్ళు తుడుస్తోంది. తాడు పట్టుకుని నిలబడటానికి ఎవరో ఒకరు కావాలన్నాడు. ఎదురుగా మావయ్య ఉన్నాడు.

ఈ సంగతి నాకు అమ్మ చెప్పలేదు, మావయ్య అసలే చెప్పలేదు. నేను పెద్దయ్యాక ఆ మంగలే చెప్పాడు. "మీ మావయ్య నా కుర్చీలోనే ఉన్నాడమ్మా, రెండో బుగ్గ గీయడానికి మర్నాడొచ్చాడు" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ మీద ఒంటికాలి మీద లేచాను. ఎవరు లాగితే ఏమిటే, బయటికొచ్చారు కదా అని తువ్వాలు మడతపెట్టుకుంది.

చరిత్ర సంఘం వాళ్ళకు ఆ ఫోటో దొరికింది. పుస్తకంలో పేజీ నిండా వేసి, కింద 'సగం గడ్డంతోనే సముద్రంలోకి దూకిన వీరుడు' అని రాశారు. అక్కడినుంచి ప్రతి కార్యక్రమంలోనూ మావయ్యకు శాలువా. ఆయన వద్దనడు. భుజం ముందుకు వంచుతాడు.

కార్యదర్శిగారు రిటైరైన భూగోళం మాస్టారు. ఆయన దగ్గరికి వెళ్ళి, ఫోటోలో మావయ్య చొక్కాకు ఇస్త్రీ మడత కూడా చెదరలేదు చూడండి అన్నాను. ఫోటోల్లో తడి కనపడదని సెలవిచ్చారు. పైగా సంఘానికో పద్ధతి ఉందట. అచ్చులో ఉన్నదాన్ని కాగితం మీద ఉన్నదే కొట్టేయాలి, నోటిమాట పనికిరాదు. మీ అమ్మగారి దగ్గర ఏదైనా కాగితం ఉందా అని అడిగారు. నీళ్ళలో దిగి మనుషుల్ని లాగేటప్పుడు రసీదులు తీసుకోవాలని అమ్మకు తోచలేదని చెప్పి వచ్చేశాను.

ఈ ఏడాది సంఘం వారికి శిలాఫలకం పెట్టాలని బుద్ధి పుట్టింది. గదులున్న చోట రాయి నాటి, ఏడుగురిని కాపాడిన వీరుడంటూ మావయ్య పేరు చెక్కిస్తారట. పుస్తకమంటే చింపొచ్చు, రాయిని ఏం చేస్తాం? అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ బతికుండగా ఆ రాతి మీద ఆవిడ పేరు పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. అందుకే పంతం పట్టాను.

నేను తపాలా కార్యాలయంలో కౌంటరు మీద కూర్చుంటాను. చిరునామాలు వెతకడం నాకు చేతనైన పని. ఆ నలుగురు పిల్లల్లో ఒకావిడ వేరే ఊళ్ళో ఉందని తెలిసి ఉత్తరం రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. తనను లాగింది ఆడమనిషేననీ, ఎత్తుకున్నప్పుడు నడుముకున్న తాళంచెవులు తొడకు గుచ్చుకున్నాయనీ, ఇన్నేళ్ళయినా ఆ నొప్పి గుర్తుందనీ రాసింది. కింద సంతకం, తేదీ. ఇంతకంటే కాగితం ఏం కావాలి?

ముందుగా మావయ్యకు చూపించాను. సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు.

"నన్నెంతైనా తిట్టుకో. పది మందిలో తిట్టు, పడతాను. అక్కని మాత్రం మైకు దగ్గరికి లాగకు."

"ఎందుకు, శాలువా పోతుందనా?"

"పోనీ అలాగే అనుకో."

అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళు అప్పనంగా తిన్న పేరు కక్కడానికి ఎవరికైనా కష్టమే కదా.

ఆవిష్కరణ సాయంత్రం అయిదింటికి. రాతికి పసుపుపచ్చ గుడ్డ కప్పారు, కార్లు తీయించి డెబ్బై కుర్చీలు వేశారు. అమ్మ యథాప్రకారం మూడో వరసలో కూర్చుంది. గోడ లేదు కాబట్టి విద్యుత్ స్తంభం వైపు కూర్చుంది. కోశాధికారిగారు మన సముద్రం ఎంత సాధువో అరగంట చెప్పారు. కార్యదర్శిగారు మావయ్యను గుడ్డ లాగమని పిలిచారు. అప్పుడు నేను లేచి నిలబడి, ఆ తాడు పట్టింది మా మావయ్య కాదు, మా అమ్మ అన్నాను. నాలుగు అడుగులు వేసి ఉత్తరం కార్యదర్శిగారి చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. గొంతులో వెలక్కాయ పడుతుందని చూస్తున్నాను. పడకపోగా ఆయన మొహం వెలిగిపోయింది. తప్పు దొరికినందుకు కాదు, కొత్త కాగితం దొరికినందుకు. మైకులో గట్టిగా చదివి వినిపించారు. తాళంచెవుల దగ్గరికొచ్చేసరికి జనం చప్పట్లు కొట్టారు. రాయి మార్పిస్తామని, పుస్తకం మళ్ళీ అచ్చేస్తామని అక్కడికక్కడే ప్రకటించారు. మావయ్య తలొంచుకుని నిలబడ్డాడు. నాకైతే నేల మీద కాళ్ళు ఆనలేదు.

కార్యదర్శిగారు తనే స్వయంగా మైకు తీసుకెళ్ళి అమ్మకు అందించారు. ఆ ఏడుగురిని ఎలా కాపాడారో మీ నోటితో చెప్పండమ్మా అన్నారు. మావయ్య ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. అమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"ఏడుగురు కాదు బాబూ, నీళ్ళలో ఎనిమిది మంది ఉన్నారు."

కోశాధికారిగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎనిమిదో ఆయన విరిగిన గుంజ పట్టుకుని ఉన్నాడు. దిట్టమైన మనిషి. నువ్వు ఆగు నాయనా, ముందు పిల్లల్ని తీస్తానన్నాను. సరేనమ్మా అన్నాడు. తాడు దగ్గరికొచ్చినా పట్టుకోలేదు, పక్కనున్న పిల్లకి అందించాడు. అందర్నీ తీసి తిరిగి చూస్తే గుంజ ఒక్కటే ఉంది."

ఆ మర్నాడు పోలీసులకు చెప్పానంది. ఊళ్ళో ఎవరూ తప్పిపోలేదు, భయంలో లెక్క తప్పావులే అని పంపేశారట. తమ్ముడొక్కడికే చెప్పుకుందట. వంతెన సంగతి ఎవరెత్తినా వారం రోజులు తిండి సయించేది కాదట. ఇక అడిగేవాళ్ళు నన్నే అడుగుతార్లే అక్కా, నువ్వు లోపలికెళ్ళు అన్నాడట మావయ్య. నలభై మూడేళ్ళు ఆయన అన్న మాట మీద నిలబడ్డాడు. మధ్యలో నేను ఉత్తరం పట్టుకుని వచ్చాను.

మావయ్య వైపు చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

"మీరు పాత కాగితాలన్నీ వెతుకుతారు కదా" అంది అమ్మ కార్యదర్శిగారితో. "ఎప్పుడైనా ఆ మాట వస్తుందేమోనని నెలనెలా వస్తున్నాను. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆయన పేరు ఎక్కడైనా రాసుందా బాబూ?"

కోశాధికారిగారు మైకు కట్టేయమని సైగ చేశారు. ఎవరో కట్టేశారు. కార్యదర్శిగారు చంకలోని పుస్తకం తీసి, తను రాసిన పుస్తకమే అయినా, మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టారు. మావయ్య వచ్చి అమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇంటికెళ్దాం పద అక్కా అన్నాడు.

"ఉండరా, ఆయన చూస్తున్నారుగా" అంది అమ్మ.