పొదిగే కోడి ఉన్న పడవ

రేవు గేటుకు ఎదురుగా ఉన్న సెలూన్ యజమానిని అందరూ ప్రళయం అనే పిలిచేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. కుర్చీలో ఎవరు కూర్చున్నా సరే, మెడకు గుడ్డ చుట్టి, చెంపలకు నురగ పట్టించి, ఇక ఆ మనిషి కదల్లేడని తేలాక, "మీ వైపు ప్రళయం కథ ఏమన్నా చెప్పుకుంటారా?" అని మొదలుపెట్టేవాడు. గొంతు మీద కత్తి ఉండగా లేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఓడలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. రేవులో దొర్లే భాషలన్నీ అతనికి ముక్కలు ముక్కలుగా వచ్చు. మాటలు చాలని చోట చేతులు తిప్పేవాడు. ఒక కథ కావాలంటే ముందు తానొకటి చెప్పాలి కాబట్టి, నోటికొచ్చింది చెప్పేవాడు. విచిత్రమేమిటంటే, దాదాపు ప్రతివాడి దగ్గరా ఓ కథ ఉండేది. ఒకడి పడవ కొండకొమ్ముకు తట్టుకుంటే, ఇంకొకడి పడవ చెట్టు చివర చిక్కుకునేది. విని విని అతనికి ఓ నమ్మకం కుదిరింది. ఒకప్పుడు సముద్రం మధ్యలో ఒక మహాదేశం ఉండేది. అది ఒక్కసారిగా మునిగింది. బతికి బయటపడ్డవాళ్ళు తలో తీరానికి ఈ కథను మోసుకుపోయారు.

రుజువే దొరకలేదు. ఎవరూ ఊహించి కల్పించలేని ఒక చిన్న గుర్తు, ఒకరినొకరు ఎరగని ఇద్దరి నోట రావాలి. అంతే. దానికోసం మనిషి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కొత్త ఓడ కూత వినబడితే చాలు, సగం గీసిన గడ్డాన్ని గాలికొదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేవాడు. ఇంట్లోనూ అదే వరస. కంచం చేత్తో పట్టుకుని, కిటికీ దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగేవాడు.

"మునిగిన దేశం ఎక్కడికీ పారిపోదు గానీ, కాస్త కూర్చుని తినవయ్యా," అనేది భార్య.

"కూర్చుని తినడానికి, నీళ్ళు చెప్పి వస్తాయటే?" అని ఎగిరేవాడు.

నీళ్ళ గురించి అతనికెందుకంత కంగారో ఆమెకు తెలియదు. అతను చెప్పలేదు. చిన్నప్పుడు ఏరు ఇళ్ళ మీదికొచ్చిన రోజున అక్క అతన్ని ఇంటి కప్పు మీదికెక్కించింది. మూల గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి గుర్తొచ్చి మళ్ళీ లోపలికి దిగింది. "ఆగవే వానా, గుడ్లు చల్లారిపోతాయి," అని వానను తిడుతూ వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆ రోజు కుర్చీలో కూర్చున్న కుర్ర నావికుడు ఆ రేవుకు రావడం అదే మొదటిసారి. సముద్రం అవతలి కొసన ఎక్కడో ఉన్న దీవి అతనిది. ఒక చెంప గీయడం అయ్యాక ప్రళయం మామూలు ప్రశ్న వేశాడు.

"మాకూ ఉంది తాతా," అన్నాడు కుర్రాడు హుషారుగా. "పెద్ద పడవ. అందులో అందరూ ఏడుస్తుంటారు, ఒక్క పిల్ల తప్ప. ఆ పిల్ల ఒళ్ళో పొదిగే కోడి ఉంటుంది. ఆగవే వానా, గుడ్లు చల్లారిపోతాయి అని వానను తిడుతూ ఉంటుంది."

దొరికింది! తన అక్క అన్న మాటే సముద్రం ఆ కొసనా వినబడిందంటే, రెండు చోట్లకీ అది ఆ మునిగిన దేశం నుంచే వచ్చి ఉండాలి! ప్రళయం కత్తి బల్ల మీద పెట్టేశాడు.

"నీకెవరు చెప్పారు నాయనా?"

"మా తాత. ఓడల్లో వంటవాడు. ఎప్పుడో ఏదో రేవులో గడ్డం గీయించుకుంటూ విన్నాడట. ఆ గీసేవాడు కథలో పడిపోయి దవడ కింద కోసేశాడని గాటు కూడా చూపించేవాడు."

ప్రళయానికి ఆ గాటు గుర్తొచ్చింది. సెలూన్ పెట్టిన కొత్తలో, ఇంట్లో ఎవరి దగ్గరా ఊసెత్తలేని అక్కను, ఊరూ పేరూ తెలియని నావికులకు చెప్పే కథలో పడవెక్కించింది తనే. చెప్పిన ప్రతిసారీ నిద్ర దూరమవుతుంటే మానేశాడు. మరి ఇన్నేళ్ళుగా ఏరుకున్న పోలికల్లో, తన నోటి నుంచే వెళ్ళి తిరిగొచ్చినవి ఎన్నో ఎవరు చెప్పగలరు? మహాదేశం అతని కళ్ళముందే మళ్ళీ మునిగిపోయింది. అతనికి ఏడుపొచ్చింది, కానీ ఆ దేశం కోసం కాదు.

"తర్వాత ఆ పిల్ల ఏమైంది?" అని అడిగాడు, ఏమీ తెలియనివాడిలా.

"ఏమవుతుంది? ఒడ్డెక్కింది. గుడ్లు పిల్లలయ్యాయి. మా దీవిలో కోళ్ళన్నీ వాటి సంతతేనట. ఆ ముక్క చెప్పందే మా చెల్లెలి పిల్లలు కళ్ళు మూయరు. తాతా, రెండో చెంప?"

ఈసారి దవడ కింద గాటు పడకుండా, రెండో చెంప నెమ్మదిగా గీశాడు.

ఇంటికెళ్ళాక భార్య కంచం అందిస్తూ, "దొరికిందా నీ దేశం?" అంది ఎప్పటిలాగే.

"దేశం లేదే. అక్క దొరికింది."

"అక్కా? నీకు అక్కెక్కడిదయ్యా?"

కంచంతో కిటికీ వైపు వెళ్ళబోయి ఆగాడు. కంచం నేల మీద పెట్టి, దాని ముందు కూర్చున్నాడు.

"ఉండేది," అన్నాడు. "నువ్వూ కూర్చో."